తువాలు కింద వేళ్లు

రాయచోటి

అమ్మకు,

నీ కూతురు ఆరాధన, ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్న జాబు. ఇక్కడ నాయన, నేను క్షేమం. ఆ మాట లేకుండా మొదలుపెడితే నువ్వు రెండో వాక్యానికి రాకముందే కళ్లనీళ్లు పెట్టుకుంటావని ముందే రాసేశాను. అది ఎంతవరకు నిజమో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో.

పక్కింటి ఖాదర్‌బీ వచ్చేవారం మళ్లీ నువ్వుండే కువైటుకే పోతోంది. ఈ జాబు, చెనిక్కాయల పొడి, చింతకాయ తొక్కు ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. ఫోనుండగా జాబెందుకంటావేమో. శుక్రవారం నువ్వు పనిచేసే ఆ ఇంటి వంటగదిలో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడతావు. నేను నాయన వినకుండా వసారాలో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడతాను. ఇద్దరమూ గుసగుసలాడుకుంటే అందులో నిజాలెక్కడ పడతాయి? కాగితం మీదైతే నన్ను మధ్యలో ఆపేవాళ్లు ఉండరు.

నీ జాబులో అడిగినవాటికి జవాబులు ముందు. వాన పడలేదు. మబ్బు పట్టింది, ఊరంతా ఒకసారి చూసుకుని పోయింది. వంటింటి మీద పగిలిన రేకు మార్పించాను. దావీదురాజు అయ్యగారు ఆదివారం ఆరాధన కాగానే మనింటికే వచ్చి మంచం పక్కన ప్రార్థన చేసి పోతున్నారు. ఆయన ప్రార్థన ఎంత పొడుగో నీకు తెలుసు. నాయన మధ్యలో నిద్రపోయినా ఆయన నొచ్చుకోరు, అది మెచ్చుకోవాలి. నేను పొద్దుటిపూట మాత్రం జెరాక్సు అంగడికి పోతున్నాను. అంతసేపూ ఖాదర్‌బీయే నాయన దగ్గర కూర్చుంటోంది. ఆమె పోయాక ఎవరు కూర్చుంటారో నాకింకా తెలియదు.

నువ్వు చూసుకునే ఆ ముసలామె గంజి నీ మీద ఉమ్మేసినా కోపం రాదని రాశావు. నాకు వస్తుందమ్మా. నాయన ముక్కులో పాలు పోసే గొట్టం పీకేసుకుంటే నాకు చచ్చేంత కోపం వస్తుంది. ఆ తర్వాత ఏడుపొస్తుంది. నీలాంటి ఓర్పు నాకు రాలేదు, నీ ముక్కు మాత్రమే వచ్చింది.

ఇక కీబోర్డు సంగతి. దొరికిందా దొరికిందా అని ప్రతి జాబులోనూ అడుగుతున్నావు. అసలు అదెందుకో నీకు సరిగా చెప్పినట్లు లేను. గొంతు ఆపరేషనయ్యాక నాయనకు మాట పోయినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు. అప్పుడు ఒక కంట్లో కాస్త వెలుతురుండేది, పలక మీద రాసి చూపేవాడు. నువ్వు విమానమెక్కిన తర్వాత సుగరు ఆ వెలుతురును కూడా తినేసింది. ఇప్పుడు పలకమీద రాస్తే ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కుతుంది, నేను చదవలేను. నా అరచేతిలో ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. మనం అడిగినదానికి అవును, కాదు అనడం తప్ప తనంతట తాను ఒక్క మాట అనే దారి లేదు ఆయనకు. నాయన ఎంత మాటకారో నీకు నేను చెప్పాలా.

ఆయన వేళ్లకు మాత్రం చూపుతో పని లేదు. బస్టాండు ఎదురుగా మిద్దె మీద ఇన్‌స్టిట్యూటు నడిపినన్నాళ్లు, టైపు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల మెడకు తువాలు కట్టి, దాని కొసలు మిషను మీద కప్పి కొట్టించేవాడు, తానూ అట్లాగే కొట్టేవాడు, గుర్తుందా. "కండ్లతో కొట్టేది టైపు కాదప్పా, వేలితో కొట్టేది" అని. నాకూ అట్లాగే నేర్పాడు. మీటల వైపు చూస్తే స్కేలు పడేది. కన్నకూతురని ఒక్క దెబ్బా తగ్గించలేదు.

అందుకని అటక మీద ఉన్న తెలుగు మిషను దించాను. సగం కడ్డీలు తుప్పు పట్టి లేవడం లేదు. అది ఒళ్లో పెట్టుకునే వస్తువూ కాదు, నాయన లేచి బల్ల ముందు కూర్చోలేడు. కంప్యూటరు కీబోర్డు ఒళ్లో పెడితే, ఆయన కొట్టింది కంప్యూటరు పైకి చదివితే, తన మాట తానే వింటాడని నా ఆశ. జెరాక్సు అంగడి నుంచి ఒక కీబోర్డు తెచ్చి చూశాను. దాని వైరు ఆయన ఊపిరి తీసుకునే గొంతు గొట్టానికి చుట్టుకుని లాగేసింది. ఆ పూట ఎలా గడిచిందో రాయను. అప్పుడే అనుకున్నాను, వైరు లేనిదే కావాలని. మీటలు కూడా ఇప్పటి వరుసలో కాదు, ఆయన మిషను వరుసలో పలకాలి.

కడప పోయి ఏడు రోడ్ల దగ్గర అంగళ్లన్నీ తిరిగాను. ఒక అంగట్లో శెట్టిగారబ్బాయి తేజేశ్వర్ నా మాట మొత్తం విని తల గోక్కున్నాడు.

"పాత టైపు మిషను వరసా? అది ఎవురు కొడతాండారక్కా ఇప్పుడు? అందరూ ఇంగ్లీషులో కొట్టి తెలుగు చేసుకుంటాండారు."

"మా నాయన కొడతాడు."

"పెద్దాయన్ని కొత్తది నేర్చుకోమను. నాలుగు దినాలు పడతాది, అంతే."

నాలుగు దినాలున్నాయో లేవో అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. పాపం, మంచివాడే. వైరు లేని మామూలు కీబోర్డు ఇచ్చి, రేడియం స్టిక్కర్లు వేసేవాని దగ్గరికి తోలాడు. బండి నంబర్లు అంటించే అతను నేను వరుస రాసిచ్చిన కాగితం చూసి, ప్రతి మీట మీదా పాత వరుసలో తెలుగు అక్షరం ఎర్రగా అంటించి ఇచ్చాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని, చూసుకుని మురిసిపోతూ వచ్చాను. ఇంటికొచ్చి నాయన చేతుల్లో పెట్టాక గాని నా తెలివి నాకు తెలిసిరాలేదు. చూపు లేని మనిషికి అక్షరాలు అంటించుకొచ్చాను. పైన ఏ అక్షరం అంటిస్తే ఏం, లోపల పలికేది దాని పాత అక్షరమే. నాయన మీటల మీద వేళ్లు ఆడించి, స్టిక్కరు అంచు గోటితో గీకి, నా తలమీద చెయ్యి వేశాడు. గొట్టంలోంచి గాలి బుస్సుమంది. నవ్వాడని నాకు అర్థమైంది. ఆయన నవ్వడం మళ్లీ చూడలేదమ్మా.

ఆ తర్వాత కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. అది నీకు ఫోన్లో చెప్పాను, మందు మార్చారని. మందు మార్చలేదు, ఆపేశారు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇంటికి పిల్చుకపోమ్మా, ఆయనకేం ఇష్టమో అది చెయ్యండి. ఈడికి తిప్పి తిప్పి అలవనీయొద్దు" అంది. ఆమె చాలా మెల్లగా చెప్పింది. తిట్టినా బాగుండేది.

ఆయనకేం ఇష్టమో అడగాలన్నా ఆ కీబోర్డే దిక్కు. అందుకే ఆయన్ని వార్డులో పడుకోబెట్టి, కీబోర్డు సంచిలో పెట్టుకుని బజారుకు పోయాను. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు వేసే అంగట్లో వాకబు చేస్తే లోపలున్న మనిషి నా ఇంటిపేరు విని లేచి నిలబడ్డాడు. యేసుప్రసాద్. నాయన దగ్గర టైపు నేర్చుకున్నవాడే.

"ఏసేపు సారు కూతురువా? సారు స్కేలు దెబ్బ ఇంకా నా యేళ్ల మీద ఉండాది సూడు," అన్నాడు. వరుస సంగతి చెబితే, "నేను ఈపొద్దుకీ ఆ వరసలోనే కొడతాండా. ఇంకోటి నాకు రాదు కదా," అన్నాడు.

స్టిక్కర్లన్నీ అతనే పీకేశాడు. తన పాత ల్యాప్‌టాపులో ఏదో ఎక్కించి, మన కీబోర్డు వెనక రెండు కొత్త సెల్లులు వేసి, ఏ మీట కొడితే ఏ అక్షరం పలకాలో అది పలికేటట్లు చేశాడు. ఒక వాక్యం పూర్తికాగానే పైకి చదివేటట్లూ పెట్టి, ఆ ల్యాప్‌టాపు నాకే ఇచ్చేశాడు. ఆ గొంతు ఎవరో పట్నం ఆడమనిషిది. నాయన మాటలు ఆమె నోటితో వస్తాయన్నమాట. అయినా అంతకంటే ఎక్కువ ఎవరిని అడుగుతాం. నన్ను వాకిలి దాకా సాగనంపి, "సారును అడిగినానని చెప్పుమ్మా," అని మొహం తిప్పుకున్నాడు.

మరునాడు ఇంట్లో దిండ్లు ఎత్తు పెట్టి నాయన్ని ఆనించాను. కీబోర్డు ఒళ్లో పెట్టాను. ఆయన ముందు ఏం చేశాడో తెలుసా, చెయ్యి చాచి తువాలు అడిగాడు. దాన్ని మెడకు కట్టుకుని కొసలు తన చేతుల మీద కప్పుకున్నాడు. చూపే లేనివాడికి ఆ తువాలెందుకని అడగబోయి ఆగాను. తర్వాత మీటలు టకటకలాడాయి. ఒక్క తప్పు లేదు. ల్యాప్‌టాపులో ఆ పట్నపు గొంతు చదివింది:

"వరమ్మ యాడ దాకా వచ్చింది."

అమ్మా, అడిగింది నీ గురించే. ఇప్పుడు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను.

కర్నూలు నుంచి వచ్చినప్పటి నుంచి కాదు, అంతకు ముందు నుంచే నాయన గొట్టం పీకేసుకుంటున్నాడు. తిండి వద్దంటున్నాడు. పట్టుకోలేక ఒకరోజు, "అమ్మ బయలుదేరింది నాయనా, ఆమె వచ్చేసరికి నువ్వు ఇట్లుంటే నన్ను సంపుతాది" అన్నాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆ పూట గొట్టంలో పాలు పోయనిచ్చాడు. ఇక ఆ మందే ప్రతిపూటా పోశాను. టిక్కెట్టు దొరికిందన్నాను, ఆ తర్వాత విమానం వాయిదా పడిందన్నాను, మద్రాసులో దిగుతావన్నాను.

నువ్వేమో, "నాయన్ని అడిగి రాయి, రమ్మంటే ఆ ఇంటివాళ్ల కాళ్లు పట్టుకునైనా వస్తా" అన్నావు. నేను అడగలేదు. రెండుసార్లు తట్టాడు, రావద్దన్నాడు అని ఫోన్లో చెప్పాను. నీ పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ల బీరువాలో ఉందని నాకు తెలుసు. నువ్వు మధ్యలో వచ్చేస్తే మళ్లీ పోలేవని తెలుసు. నీ జీతం ఆగితే ఈ మందులు ఆగుతాయని లెక్కవేసుకున్నాను. మందులు ఆపేశాక కూడా నీకు నిజం చెప్పలేదు. అప్పటికి దాన్ని ఎక్కడినుంచి విప్పాలో నాకు తెలియలేదు.

నాయన ఆ తర్వాత ఇంకేం కొడతాడోనని ఎదురుచూశాను. ఇన్‌స్టిట్యూటు సంగతి, నా పెళ్లి సంగతి, నొప్పి సంగతి ఏదైనా. ఏమీ లేదు. పొద్దున అదే, పాలు పోసేముందు అదే, అయ్యగారు ప్రార్థన ముగించి ఆమెన్ అనగానే అదే. వరమ్మ యాడ దాకా వచ్చింది. ఊరూరా తిరిగి నేను తెచ్చిన నోరు నన్నే నిలదీస్తోంది. మొన్న ఆయన నిద్రపోతుండగా కీబోర్డు తిరగేసి సెల్లులు తీసేశాను. నా కొంగున కట్టుకున్నాను.

లేచి మీటలు కొట్టాడు. ల్యాప్‌టాపు గొంతు చదవలేదు. చెవి అటు తిప్పి విన్నాడు, మళ్లీ కొట్టాడు. "మిషను చెడిపోయింది నాయనా, యేసుప్రసాద్ అన్న వచ్చి బాగు చేస్తాడు" అన్నాను. ఒక్కసారి నా చేతిలో తట్టాడు. అవునని.

ఆయన గొంతు ఆపినదాన్ని నేనేనమ్మా. రోగం ఒకసారి ఆపింది, నేను ఒకసారి. నువ్వు వస్తావో రాలేవో ఈ జాబు చదివాక ఎట్లాగైనా తెలియజెయ్యి. రాలేనంటే ఆ మాట నేను ఆయనకు చెబుతాను. ఇంకో అబద్ధం చెప్పమని మాత్రం రాయకు. నా దగ్గరున్నవి అయిపోయాయి.

ఇంతవరకు నిన్న రాశాను. కవరు అతికించకముందు ఇంకొంచెం రాయాల్సి వచ్చింది.

పొద్దున నాయన కీబోర్డు అడిగాడు. రెండు చేతులతో ఎత్తి పట్టుకుని కాసేపు అట్లాగే ఉన్నాడు. సెల్లులున్నాయో లేవో బరువు చూస్తున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. ఒళ్లో పెట్టుకుని, మెడకున్న తువాలు తానే తీసి పక్కన పెట్టాడు. ఇన్నేళ్లలో తువాలు లేకుండా ఆయన కొట్టడం నేను చూడలేదు. మెల్లగా, ఒక్కొక్క మీటా, మొదటిరోజు పిల్లలకు చూపించినట్లు కొట్టాడు. చదివే గొంతు లేదు. అయినా ఆ వరుస నాకు నేర్పింది ఆయనే కదా, వేళ్లు చూసి చదివాను.

"సెల్లులు వెయ్యి పాపా. అడగనులే."

కొంగు ముడి విప్పి వేశాను. ల్యాప్‌టాపు పక్కనే తెరిచి పెట్టాను. సాయంత్రమైంది. ఆయన చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి, ఇంతవరకు ఒక్క మీటా కొట్టలేదు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే నీ కూతురు,
ఆరాధన