గొర్రె అరవదు

అమ్మకు మంజుల దండాలు.

నువ్వూ అవ్వా చెల్లె శైలా అక్కడ బాగున్నారని తలుస్తాను, ఇక్కడ నేనూ క్షేమమే అని రాయాలి. కానీ అమ్మా, మీరు బాగున్నారని నాకు నమ్మకం లేదు, నేనూ పూర్తి క్షేమంగా లేను. అయినా కంగారు పడకు. ఎడమ కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి, అంతే. దవాఖానలో మందులిచ్చారు. అన్నం తింటున్నాను, పనికి పోతున్నాను. నాకేం కాలేదు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోన్‌లో శైల మాట ఎత్తితే చాలు, "సరే బిడ్డ, పొయ్యి మీద కూరున్నది" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవు కదా. మొన్న ఏమన్నావో నాకు ఇంకా చెవుల్లోనే ఉంది. "పత్తి ఏరుడు షురువైతాంది, పిల్ల అత్తగారోళ్లకు మనుషులు లేరట. శైలను పంపిస్త. అల్లుడు గూడ జర నయమైండు. మొగడు పెండ్లాల నడుమ మనమెందుకు పోవాలె? పిల్ల గూడ ఏమంటలేదు, సప్పుడు జేస్తలేదు" అన్నావు. నీ కూతురు దెబ్బలు తిని పుట్టింటికి వస్తే నువ్వు వాళ్ల పత్తి గురించి ఫికర్ చేస్తున్నావు. నాకు ఒళ్లు మండిపోయింది. బాపు గొర్రెలు తోలుకుని నందికొండ దిక్కు పోయాడు, ఇంట్లో నీ మాటే చెల్లుతుంది. అందుకే నీకే రాస్తున్నాను. చివరిదాకా విను.

ముంబైలో వాన ఇంకా వదల్లేదు. బట్టలు ఆరవు, గది గోడకు నాచు పట్టింది. జొన్నరొట్టె ఇక్కడా దొరుకుతుంది, భాక్రీ అంటారు, కానీ నీ చేతి రొట్టె కాదు. నేనూ లక్ష్మీ ఒకే గదిలో ఉంటున్నాం. లక్ష్మి ఆత్మకూర్ పిల్ల, ఆమెదీ ఇదే పని, నన్ను పెట్టించింది ఆమే. ఆమె ఊరికి పోయిన వారం నాతో మన మాట మాట్లాడేవాళ్లు లేక పిచ్చెక్కింది. ఒక్కదాన్నే కూర్చుని నిన్ను తిట్టుకున్నాను, మళ్లీ నీకోసమే ఏడ్చాను.

నా పని గురించి నీకు సరిగా చెప్పలేదు. సెక్యూరిటీ అంటే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం అనుకున్నావు. కాదమ్మా. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు తొడుక్కుని పాటల క్లబ్బులో నిలబడతాను. తాగి ఆడపిల్లల మీద చెయ్యి వేసేవాణ్ని రెక్క పట్టి బయటికి గెంటడం నా పని. బౌన్సర్ అంటారు. ఈ పొడుగుకు మొగుడెక్కడ దొరుకుతాడని ఏడ్చేదానివి, ఆ పొడుగుకే ఇక్కడ జీతమిస్తున్నారు.

క్లబ్బు అంటే పెద్దదేం కాదు. పాత మిల్లు షెడ్డు, గట్టిగా వందమంది నిండితే ఊపిరాడదు. అక్కడ సినిమా పాటలుండవు. ఎవరి పాట వాళ్లే కట్టుకుంటారు, కొందరికి పాట కూడా ఉండదు, చప్పుడే. పోయిన శనివారం మొదట ఒకమ్మాయి వచ్చి ఇనుప రేకు మీద ఫిడేలు కమాను పెట్టి గీసింది. మన చెలకలో బోరు వేసేటప్పుడు రాయి తగిలితే వచ్చే చప్పుడు లేదా, అచ్చం అదే. పళ్లు జివ్వుమన్నాయి. జనం మాత్రం కళ్లు మూసుకుని విన్నారు. నవ్వకు, కాసేపటికి నాకూ బాగుంది. నాలో పేరుకున్న తిట్లన్నీ ఎవరో నా బదులు తిడుతున్నట్టు అనిపించింది.

ఆ తర్వాత ఒక మగాడూ ఒక ఆడపిల్లా స్టేజ్ ఎక్కారు. వాడు మైకులో గొంతు చిరిగేలా అరిచాడు. మైకు తీగ ఆ పిల్ల మెడకు చుట్టి ఈడ్చాడు. ఆమె నోట్లోంచి ఎర్రగా కారింది. ఇదంతా వాళ్ల పాటలో భాగమని నాకు ఎవరూ ముందు చెప్పలేదు. నేను ఒక్క దూకుతో స్టేజ్ మీదికి పోయాను. "పొట్టేలుకు ఎదురు పోకు బిడ్డ, ఎన్క కాలు అందుకో" అని బాపు చెప్పేవాడు కదా, అలాగే వెనక నుంచి కాలు పట్టి లాగాను. వాడు బోర్లా పడ్డాడు, ముక్కు పగిలింది. ఆ నెత్తురు మాత్రం నిజం. జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల లేచి, మెడకున్న తీగ విప్పుకుని నన్ను బండబూతులు తిట్టింది. నోట్లోది రంగునీళ్లట.

లక్ష్మి నన్ను పక్కకు గుంజుకుపోయింది. "గదంత నాటకమే మంజుల! గీ పాటలోళ్లు గట్లనే జేస్తరు. మల్ల నడుమ పోకు, నౌకరి పోతది" అంది. మేనేజరు దగ్గరికి వచ్చి, ఇక్కడ ఎవరు ఎవర్నేం చేసినా అది కళ, ఇంకోసారి కలగజేసుకుంటే బట్టలు సర్దుకో అని హిందీలో చెప్పాడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. గోడకానుకుని నిలబడ్డాను.

ఆఖరున డోళ్లు వాయించేవాళ్లు వచ్చారు. స్టేజ్ ఎక్కకుండా జనం మధ్యలోనే డోళ్లు పెట్టుకున్నారు. దీపాలు తగ్గించారు. ఆ చప్పుడుకు నేల అదిరింది. అప్పుడు స్పీకరు పక్కన ఒకడు ఒక పిల్లను గోడకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. చుట్టూ జనం గుండ్రంగా జరిగి చోటిచ్చారు. ఫోన్లు పైకి లేచాయి. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. డోలువాడు కూడా అటు చూసి, వాడి దెబ్బకు తన దెబ్బ కలిపాడమ్మా. వాడు కొట్టినప్పుడల్లా డోలు మోగింది, డోలు మోగినప్పుడల్లా జనం అరిచారు. నేను కూడా చూస్తూ నిలబడ్డాను. నాకు చెప్పింది అదే కదా.

వాడు ఆమె గొంతు పట్టుకున్నాడు. ఆమె అరవలేదు. అక్కడ నాకు తెలిసిపోయింది. స్టేజ్ మీది పిల్ల ఎంత గోల చేసింది! ఈ పిల్ల నోరు తెరిచింది, మాట లేదు, కళ్లు ఎవరినీ చూడటం లేదు. మన ఇంట్లో ఎన్నిసార్లు చూశాం? కోతకు పట్టుకుంటే మేక ఊరంతా వినిపించేలా అరుస్తుంది. గొర్రె అరవదు. కత్తి గొంతు మీదికొచ్చినా అలా చూస్తూ ఉంటుంది.

ఎలా పోయానో గుర్తు లేదు. కాలు అందుకునే తీరిక కూడా లేదు, వాడి జుట్టు పట్టి తలను స్పీకరుకేసి కొట్టాను. వాడు చేతికందిన బీరు గ్లాసుతో నా మొహం మీద గుద్దాడు. కన్ను నిండా నెత్తురు. ఆ చెయ్యి పట్టి వెనక్కి విరిచాను, చిటుక్కుమంది. నాకు జాలి కలగలేదు. కింద పడేసి వాడి వీపు మీద మోకాలు పెట్టాను. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. డోళ్లు ఆగాక వాడు నేలమీద నుంచే అరిచాడు, "అది నా పెళ్లాం, నీకేం పని" అని. అప్పుడు జనానికి నిజమని తెలిసింది. తెలిశాక ఏం చేశారనుకున్నావు? ఫోన్లు జేబులో పెట్టుకుని పక్కకు జరిగారు. ఓహో, మొగుడూ పెళ్లాలా అని. నాటకమనుకున్నప్పుడు దగ్గరికి వచ్చి చూశారు, మొగుడనగానే మొహం తిప్పుకున్నారు. వాడి కంటే వాళ్లనే తన్నాలనిపించింది.

పోలీసులు వచ్చి వాణ్ని తీసుకుపోయారు. ఆ పిల్ల తన అక్క వచ్చేదాకా నా చొక్కా అంచు వదల్లేదు. ఆమె మెడ మీద వాడి అయిదు వేళ్లూ నల్లగా దిగి ఉన్నాయి, గోరు గాట్లు ఉన్నాయి. మేనేజరు నన్ను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. అడిగే పని కూడా పెట్టుకోలేదు, లీవు చెప్పేశాను. ఆదివారానికి నకిరేకల్‌లో దిగుతాను. అప్పటిదాకా శైల గడప దాటొద్దు. అల్లుడు వచ్చినా, పెద్దమనుషుల్ని తెచ్చినా, నేనొచ్చాకే మాట. నాకు పచ్చిపులుసు చేసి పెట్టు. అవ్వ కాళ్లకు మొక్కానని చెప్పు, బాపు ఫోన్ చేస్తే నా దెబ్బ సంగతి చెప్పకు. నీ దీవెన కూడా కావాలి, కానీ అది ఈసారి నాకు కాదు, శైలకు పెట్టు.

చెల్లె, అమ్మకు చదువు రాదు. ఇదంతా ఆమెకు చదివి వినిపిస్తున్నది నువ్వే. ఒక్క ముక్క కూడా మింగకుండా చదివావనే అనుకుంటాను. మొన్న వీడియోలో అంత ఉక్కలో మెడచుట్టూ కొంగు బిగించుకుని కూర్చున్నావు. అడిగితే జలుబన్నావు. నేను నమ్మేశాను. శనివారం ఆ పిల్ల మెడ చూసినప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

ఇక చదివింది చాలు. కాగితం కింద పెట్టి, కొంగు తీసి అమ్మకు చూపించు.

మీ
మంజుల