అత్తయ్య గొంతుకు సరిచేసిన మైకు

కెజియమ్మా,

అక్టోబరు పదకొండున, నువ్వు గోంగూర రొయ్యలు వండిన రోజు ఫోన్ చేసిన రైతు, తన తండ్రి వాడిన పాత సీబీ రేడియో, మన వంటింట్లోనూ కారులోనూ ఉన్నలాంటి మైకులో మాట్లాడుకునేది, ఇస్తానన్నాడు. తెచ్చుకోవడానికి పెట్రోలియా ఊరు వెళ్తున్నాను. పప్పు ఫ్రిజ్‌లో ఉంది. అయిదింటికి వంటింటి రేడియో ఆన్ చెయ్యి. తిరిగి మన సార్నియా దగ్గరికి రాగానే కారులోంచి పిలుస్తాను. అప్పుడు అన్నం పొయ్యి మీద పెడితే సరిపోతుంది. మీ అత్తయ్య అలాగే చేసేది.

"ఫోన్ ఉందిగా మామయ్యా!" అంటావు. ఫోన్ ఎంత దూరాన్నుంచైనా మోగుతుంది. రేడియోలో మాట వినిపించిందంటే ఇల్లు దగ్గరపడినట్టు.

మొన్న రేడియోలో నీ మాట గరగరలాడుతుంటే, "అంత అరవకమ్మా" అని విసుక్కున్నాను. "నేను మామూలుగానే మాట్లాడా మామయ్యా" అన్నావు. నిజమే, తప్పు నీది కాదు. మీ అత్తయ్య బాలకుమారిది సన్నని గొంతు. దారిలో నాకు వినపడాలని వంటింటి రేడియో మైకు విప్పి, లోపలున్న చిన్న స్క్రూ తిప్పి శబ్దం బాగా పెంచాను. ఆమె పోయి నాలుగేళ్లయినా దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. నా మీద కోపం పెట్టుకోకుండా మళ్లీ పలికావు, అదే చాలు.

మామయ్య

మరో మాట. రాత్రి ఆ స్క్రూ నీ గొంతుకు సరిపడా తగ్గించాను. నువ్వు ఎప్పటిలాగే మాట్లాడు. తిప్పేముందు అది ఎక్కడుందో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకున్నాను. తర్వాత నీకూ అబ్బాయికీ నిద్రాభంగం కాకుండా వంటింటి తలుపు మెల్లగా వేసి వెళ్లి పడుకున్నాను.