కొత్తింటి దర్వాజ ఏ దిక్కుకు

బుధవారం, రాత్రి

రాత వంకరటింకరగున్నది, ఒత్తులు గూడ తప్పినయి. ఏమనుకోకు రాజేశం. కొడుకువే అయినా ఎదురుంగ చెప్పలేక ఈ డైరీల రాస్తున్న.

ఇయ్యాల కొత్త ప్లాటు కాడ మేస్త్రి, "కాకా, దర్వాజ ఏ దిక్కు పెడుదాం?" అని నన్నే అడిగిండు. నేను నోరు తెరిచేలోపల్నే నువ్వు నవ్వినవు. "బాపును అడిగితే ఎల్లుండిదాక ఆలోచిస్తడు. పడమటికే పెట్టు, రోడ్డు అటే ఉన్నది." నేను సరే అన్న. అప్పటిసంది మనసు నిమ్మలంగ లేదు.

పోయిన ఎండాకాలం వాగొడ్డున తవ్వకాల పనికి పోయిన గద. ఎన్కటి రైతుల గుడిసెల జాగలు బయటపడ్డయి. గుంజలు పాతిన గుంటలు, అలికిన నేల. దర్వాజలన్నీ తూర్పుకే. తవ్విపిచ్చే మేడమ్, "ఎందుకిట్ల కట్టుకున్నరో పెద్దయ్యా?" అన్నది. గాలివాన పడమటి నుంచి కొడ్తది, అందుకే అటు వీపు పెట్టి కట్టుకున్నరు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల పోయిన మన పాతిల్లు గూడ గట్లనే ఉండె. ఇదంత తెలిసి గూడ మేడమ్‌కు సిగ్గుపడి చెప్పలే.

ఇప్పుడు మనకు పడమట ఓపెన్‌కాస్టు గూడ ఉన్నది. ఆ బొగ్గు దుబ్బ సక్కగ ముందటి అర్రలకే వస్తది. నీ బిడ్డకు అసలే దమ్ము, ఊపిరాడది. తూర్పు సందుకు దర్వాజ పెడితే నాలుగడుగులు సుట్టు తిరగాలె, గంతే. నేనే ఎక్కువ ఫికర్ చేస్తున్ననేమో...

రేపు పొద్దుగాల ఎనిమిదింటికి మేస్త్రి గడప నిలబెడ్తడు. ఈ పేజీ చింపి నీ టిఫిన్ డబ్బ కింద పెడ్తున్న. డ్యూటీకి పోకముందే చదివి, తూర్పుకు అవునో కాదో జల్ది చెప్పు. మేస్త్రిని ఆపే ధైర్యం నాకు లేదు.