చెంబుకు పేరు పెట్టిన రాగి

గురువారం రాత్రి

మనవరాలు స్వాతి కాలేజీ నుంచి వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. ఇంట్లో వాడే ఒక వస్తువుకు ఆ పేరెలా వచ్చిందో పెద్దవాళ్ళను అడిగి రమ్మన్నారట వాళ్ళ తెలుగు మేడమ్. నేను చెంబు గురించి చెప్పి పంపాను. మా అమ్మది తమిళనాడులో గుడియాత్తం పక్క. అరవంలో రాగిని సెంబు అంటారని, మొదట రాగితో చేశారు గనక దీనికీ ఆ పేరే నిలిచిందని చెప్పేది. మూడో తరగతి చదివినదాన్ని, నా మాట తప్పయితే పిల్ల నలుగురిలో తలవంచుకోవాలి కదా అని పొద్దంతా గుబులు.

స్వాతి చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది. "అవ్వా, నువ్వు సెప్పిందే నిజం. మేడమ్ నిఘంటువు తీసి సూపించినారు. ఒకడు మాత్రం, మా ఇంట్లోది స్టీలుది, దాన్నేమనాలని అడిగినాడు."

"దాన్నీ సెంబే అంటారు. మీ నాయన నల్లగా ఉన్నా నేను బంగారూ అని పిలవలేదా?"

పడీ పడీ నవ్వి, "సోమవారం నిన్నే పిల్చుకోని రమ్మన్నారు. ఈ సెంబు సంగతే క్లాసులో సెప్పాలంట" అంది.

అప్పటినుంచీ అదే ఆలోచన. అంతమంది ముందు నోరు పెగలకపోతే? సంతకం కూడా రాని మా అమ్మ మాట అంత పెద్ద పుస్తకంలో ఉందట.

రానని మాత్రం నేను చెప్పలేదు.