నున్నటి వేవ్‌ఫామ్

మార్చి 19

నా భార్య పోయి పన్నెండు రోజులైంది. తను పోయిన రోజు సంగతి వరసగా రాస్తాను.

ఆ ఉదయం ఆసుపత్రిలో తన దగ్గర వదినను, అంటే తన అక్కను, కూర్చోబెట్టి ఆఫీసుకొచ్చాను. పవర్ సప్లై బోర్డును కంప్యూటర్‌లో నడిపి చూసే సిమ్యులేషన్ మీద సంతకం పెట్టాల్సింది నేనే. రన్‌కు యాభై నిమిషాలు పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఎంతెంత సేపటికోసారి లెక్కగట్టాలో చెప్పే మాక్స్ టైమ్ స్టెప్‌ను వంద రెట్లు పెంచాను. మూడు నిమిషాల్లో అయిపోయింది. వేవ్‌ఫామ్, అంటే వోల్టేజీ గీత, నున్నగా వచ్చింది. సంతకం పెట్టాను. అప్పుడు సాయంత్రం నాలుగు. ఆసుపత్రిలో అడుగుపెట్టేసరికి ఆరు. తను ఐదున్నరకే వెళ్లిపోయింది.

మార్చి 24

మళ్లీ ఆఫీసు. కొత్త బోర్డులు కాలిపోతున్నాయట. పదింటిలో నాలుగు. నా వేవ్‌ఫామ్ శుభ్రంగా ఉంది కాబట్టి నేరం బోర్డు మీద ట్రేసులు, అంటే రాగి దారులు, గీసే లేఅవుట్ అమ్మాయి నెత్తికెక్కింది. ట్రేస్ వేయమంటే ఊరేగింపు తీశావేంటమ్మా అన్నాడు మేనేజర్, అందరి ముందూ. నవ్వారు. నేనూ నవ్వాను.

మార్చి 25

ఆ అమ్మాయి నా బల్ల దగ్గరకొచ్చింది. అడగకూడదు గానీ ఒక్కసారి మళ్లీ రన్ చేయండి బాబాయ్, బోర్డు మీద కొలిస్తే స్కోప్‌లో వోల్టేజీ స్పైక్ కనిపిస్తోంది అంది. నీ ట్రేసులు నువ్వు చూసుకో అన్నాను.

మార్చి 26, ఉదయం 7

ఎవరూ రాకముందే వచ్చి స్టెప్ తగ్గించి మళ్లీ రన్ చేశాను. స్విచ్ ఆఫ్ అయిన ప్రతిసారీ సూదిలా ఒక స్పైక్. అరవై వోల్టులే తట్టుకునే ట్రాన్సిస్టర్ మీద ఎనభై నాలుగు. పెద్ద స్టెప్‌లో సాఫ్ట్‌వేర్ అక్కడో చుక్కా ఇక్కడో చుక్కా లెక్కగట్టి కలిపేసింది. మధ్యలోది చూడొద్దని దానికి చెప్పింది నేనే.

ఆమె ట్రేస్ పొడవు సగం చేసి చూశాను. స్పైక్ దాదాపు అలాగే ఉంది. దాన్ని అణచాల్సిన స్నబ్బర్ సర్క్యూట్ నా డిజైన్.

ఫైల్ మూసేశాను.

మార్చి 27

చెప్పలేదు.

మార్చి 30

ఆ అమ్మాయిని డిజైన్ నుంచి తీసి మాన్యువల్స్ రాసే పనిలో పడేస్తారట, వచ్చే వారం నుంచి. మేనేజర్‌కు సగం చెప్పాను, ఆ రోజు తొందరలో స్టెప్ పెంచానేమో అని. భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ దగ్గరికి పరిగెత్తాల్సిన రోజు కదా సార్, మీ మాట బయటికి రానివ్వను అన్నాడు. తల ఊపాను.

సాయంత్రం వదిన ఫోన్. ఆ పాడు ట్రాఫిక్కే మీకు ఆఖరి చూపు లేకుండా చేసిందని ఏడ్చింది. ఊఁ అన్నాను.

ఏప్రిల్ 2

ట్రాఫిక్ లేదు, వదినకు నేనే అలా చెప్పాను. ఆఫీసు నుంచి ఆసుపత్రి పది నిమిషాల నడక. త్వరగా బయటపడాలనే స్టెప్ పెంచాను. బయటపడ్డాక కాళ్లు రాలేదు. ఆసుపత్రి గేటు ఎదుటి టీ కొట్టులో గంటన్నర పైనే కూర్చున్నాను. తను నన్ను గుర్తుపట్టడం మానేసి అప్పటికి రెండు రోజులైంది. ఎవరండీ మీరు అని మళ్లీ అడుగుతుందని భయం. వదిన రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

తన కోసం తప్పు చేశాననుకుంటున్నారు. అనుకోనిచ్చాను. పోయిన మనిషిని అడ్డం పెట్టుకున్నాను.

ఏప్రిల్ 3

రేపు తొమ్మిదిన్నర మీటింగ్‌లో రెండు వేవ్‌ఫామ్‌లూ పక్కపక్కన పెట్టి నా పేరు చెబుతాను. అంతకుముందు, ఉదయం ఏడింటికి, వదిన ఇంటికి వెళ్తాను. ఆమె కూర్చోమనేలోపే చెప్పేస్తాను.