పన్నెండో నంబరు బిళ్ళ మీద రాసిన పేరు

నగర అగ్నిమాపక శాఖ ముఖ్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా పదవీ విరమణ సభలో చదవబోయే నా వీరగాథను నిలుపుదల చేయుట, చెప్పుల గోడౌను అగ్నిప్రమాదపు రికార్డును సరిదిద్దుట, తద్వారా మా సీనియరు నిచ్చెనన్నకు వైద్యం మంజూరు చేయుట గురించి.

సూచిక: "మీ సేవా జీవిత విశేషములను ఒక పేజీకి మించకుండా పంపవలెను" అని తమ కార్యాలయం నుండి అందిన లేఖ.

ముప్పై ఒక్క సంవత్సరములుగా పనిచేసి ఈ నెలాఖరుకు ఇంటికి పోనున్న లీడింగ్ ఫైర్‌మన్‌నైన నేను సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా: నా విశేషాలకు పేజీ అక్కర్లేదు, అర పేజీ చాలు. మరొకరి విశేషాలు నా ఖాతాలో చేరి ఉన్నందున ఈ అర్జీ కొంచెం పొడవైనది. మన్నించగలరు.

1. నేను నిజంగా చేసిన పనులు. వేళ్ళకు బిగుసుకున్న ఉంగరాలు కోయుటలో స్టేషనులో నాకు సాటి లేరు. ఆగిన లిఫ్టుల నుండి జనాన్ని దించితిని. బాల్కనీ చువ్వల్లో తల ఇరికించుకున్న ఒక వకీలు గారిని విడిపించితిని. తల ఎందుకు పెట్టారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. చెట్టెక్కిన పిల్లి కోసం ఎక్కి నేనే దిగలేకపోతే, పిల్లి తనంతట తాను దిగింది, నన్ను నిచ్చెనన్న దించాడు. మంటల్లోకి కూడా చాలాసార్లు వెళ్ళాను, ప్రతిసారీ భయపడుతూనే వెళ్ళాను. వాటికి ఎవరూ ఫోటో తీయలేదు. నేను లోపలికి వెళ్ళని ఒక్కసారి మాత్రం తీశారు, పతకం కూడా ఇచ్చారు.

2. నిచ్చెనన్న అనగా నాకు పని నేర్పిన సీనియరు. ఆరడుగుల పైచిలుకు మనిషి కనుక ఆ పేరు. ఆయన సర్వీసు పుస్తకంలో "విధి నిర్వహణలో తన స్థానమును వదిలి పారిపోయెను" అని ఎర్ర సిరాతో ఒక వాక్యం ఉన్నది. ఆ వాక్యం నాది.

3. అది జరిగిన విధము. పొగలోకి వెళ్ళేవాడు గాలి సిలిండరు వీపున కట్టుకొని, దాని నంబరు బిళ్ళను తలుపు బయట బోర్డు దగ్గర ఉన్నవాడికి ఇవ్వాలి. అతను ఆ నంబరు పక్కన పేరు, వేళ రాస్తాడు. లోపల ఎవరున్నారో శాఖకు తెలిసేది ఆ బోర్డు వల్లనే. చెప్పుల గోడౌను తగలబడిన రోజున నేను పన్నెండో నంబరు బిళ్ళ ఇచ్చాను. నా పేరు రాశారు. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది, ఇంకా పర్మనెంటు కాలేదు.

గుమ్మం దాటి నాలుగు మెట్లు ఎక్కాను. ఐదో మెట్టు ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అక్కడే వెనక్కి తిరిగాను. వెనక్కి వచ్చేసరికి గుమ్మం లోపల నీళ్ళ పైపు పట్టుకొని నిచ్చెనన్న ఉన్నాడు. పైనుంచి ఎవరో తలుపు బాదుతున్నారు. ఆయన నా వీపు మీది సిలిండరు విప్పి తాను కట్టుకొని, నా మాస్కు తాను పెట్టుకొని, పైపు నా చేతిలో పెట్టి పైకి వెళ్ళాడు.

అయ్యా, పైపన్నా పట్టుకొని నిలబడ్డానని రాయాలని ఇక్కడ కలం చాలాసేపు ఆపాను. నిలబడలేదు. దాన్ని నేల మీద వదిలేసి పక్క తలుపులోంచి పోయి, ఇటుకల కుప్ప వెనక కూర్చున్నాను. నిచ్చెనన్న వెనక నీళ్ళు పట్టేవాడు లేకుండానే పైకి పోయాడు, స్పృహ తప్పిన ఒక పనివాడిని భుజాన వేసుకొని అదే పక్క తలుపులోంచి వచ్చాడు. మాస్కు ఆ పనివాడి ముఖానికి పెట్టి, తాను ఆ పొగంతా తాగాడు.

కూలబడ్డ ఆయన వీపు మీది సిలిండరు విప్పి నా భుజాన వేసుకున్నాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే, కొంప ముంచింది కూడా అదే. అధికారి గారు వచ్చి నంబరు చూశారు, బోర్డు చూశారు, నన్ను చూశారు. "శభాష్!" అని వీపు మీద చరిచారు. నేను నోరు తెరిచాను. తెరిచిన నోటితోనే ఫోటో వచ్చింది. పైపు దగ్గర ఉండాల్సిన నిచ్చెనన్న బయట కూలబడి కనిపించాడు గనుక, వదిలేసిన పైపు సంగతికి మెమో ఆయనకు వెళ్ళింది.

4. ఆ సాయంత్రం నేను నిజం చెప్పేస్తానంటే నిచ్చెనన్న దగ్గుతూనే కసిరాడు. "నోరు మూసుకోరా. పారిపోయావని తెలిస్తే రేపే ఇంటికి పంపిస్తారు. మీ ఆవిడకి నెలలు నిండాయి. నాకొక మెమో ఎక్కువైతే ఏమైంది? నా ఫైలు ఎలాగూ లావుగానే ఉంది." నేను మూసుకున్నాను. పెద్దల మాట అంత శ్రద్ధగా విన్నది జీవితంలో ఆ ఒక్కసారే.

5. అటు తర్వాత నేను చేసిన ఘనకార్యములు. అగ్నిమాపక వారోత్సవాలలో బడి పిల్లలకు ఈ కథ చెప్పుటకు నన్నే పంపేవారు. ఏటేటా మంటల ఎత్తు పెంచుతూ వచ్చాను. నిరుడు కప్పు కూడా కూల్చాను. బతికిన పనివాడు ప్రతి ఏడూ నాకొక జత బూట్లు తెచ్చేవాడు. సిగ్గు లేకుండా తొడుక్కున్నాను. మంచి బూట్లు.

నిరుడే ఒక పాప లేచి, "లోపల ఏం వాసన వచ్చింది అంకుల్?" అని అడిగింది. పొగ వాసన అన్నాను. "పొగ అంటే దేని పొగ?" అంది. నాకు తెలియదు. అటునుంచి అటే నిచ్చెనన్న ఇంటికి వెళ్ళి అడిగాను. "జిగురు వాసనరా, తియ్యగా ఉండేది. ఇప్పటికీ గొంతులోనే ఉంది" అన్నాడు.

6. ప్రస్తుతము నిచ్చెనన్న ఊపిరితిత్తులు పాడైనవి. ఇంట్లో పెట్టుకొనే ఆక్సిజన్ మిషను కోసం ఆయన దరఖాస్తు చేసుకొనగా, వైద్య సంఘం వారు "గోడౌను లోపలికి వెళ్ళినట్లు దాఖలా లేదు, పైగా పారిపోయినట్లు ఉన్నది, కావున ఈ జబ్బు ఉద్యోగం వలన వచ్చినది కాదు" అని తిప్పి పంపిరి. ఆయన ఆ కాగితం మడిచి తలగడ కింద పెట్టుకున్నాడే కానీ నా పేరు చెప్పలేదు. ఈ గురువారం ఆఖరి విచారణ.

కావున ఆ ఎర్ర సిరా వాక్యాన్ని ఆయన పుస్తకంలో కొట్టివేసి నా పుస్తకంలో రాయించవలెను. రికార్డులో ఆనాటి బోర్డు మీది పేరు మార్పించవలెను. గురువారం లోపల వైద్య సంఘానికి తమ చేవ్రాలుతో ఒక ముక్క పంపవలెను. నన్ను ఏం చేసినా సరే, సభకు తెప్పించిన పూలదండ వాపసు పోకపోతే ఆయన మెడలో వేయవలెను. ఇంతకు మించి దాచుటకు నా వద్ద ఏమీ మిగలలేదు గనుక చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
లీడింగ్ ఫైర్‌మన్, పతకధారి (తమరు వెనక్కి తీసుకొనువరకు)

తా.క.: కవరు అంటించబోతుంటే మా ఆవిడ లాక్కొని చదివింది. ఆ పతకాన్ని ఇన్నేళ్ళూ గుడ్డతో తుడిచింది తనే. తిట్టమన్నాను, తిట్టలేదు. అద్దాల బీరువాలోంచి పతకం తీసి ఈ కవరులో పడేసి, చెప్పులేసుకొని నిచ్చెనన్న ఇంటికి వెళ్ళింది. గంటకు తిరిగొచ్చింది.

"పడుకుంటే ఊపిరి అందట్లేదట. వాళ్ళావిడ ఆయన్ని కుర్చీలోనే కూర్చోబెట్టి ఉంచుతోంది. బాగున్నావా అమ్మా అని అడగడానికి మూడుసార్లు ఆగారు" అంది. తర్వాత అర్జీ మళ్ళీ తీసి చూసింది.

"తేదీ వెయ్యలేదేం?"

"రేపు వెళ్ళి ఇచ్చేటప్పుడు వేద్దామని."

"ముప్పై ఏళ్ళు ఆగారుగా, చాల్లే. ఇవాళ్టిదే వెయ్యండి. ఆయన ఇంక ఆగలేరు."

వేశాను. తమరు కూడా కింద ఇవాళ్టి తేదీతోనే సంతకం పెట్టండి అయ్యా.