సాంచ గదిలో ఫో

శ్రేయ వాళ్ల బాపుకు,

మమత నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ సిరిసిల్లలో అందరం వేళకు తిని బాగానే ఉన్నాం. దుబాయిలో మీరూ అట్లాగే ఉన్నారని అనుకుంటున్నాను. హోటల్లో వంటచేసే మనిషికి వేళకు తినమని గుర్తుచేయాల్సి రావడం నా ఖర్మ.

అంతయ్య బావ సెలవుకు వస్తూ తెచ్చిన మీ ఉత్తరం అందింది. ఆయన మళ్లీ దుబాయి విమానం ఎక్కేలోపు ఇది ఆయన చేతికే ఇస్తాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారు. ఫోన్లో నేను అసలు మాటకు వచ్చేసరికి మీకు డ్యూటీ గుర్తుకొస్తుంది. ఇది మాత్రం చివరిదాకా చదవాల్సిందే.

ముందు మీరు అడిగినవి చెబుతాను. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. శ్రేయ బడి నుంచి వస్తూ బండి మీద షవర్మా తిని, "మా బాపు చేసినంత మంచిగ లేదు" అని ఆ అమ్మేటాయన మొహమ్మీదే చెప్పి వచ్చింది. పోయిన సెలవులో మీరు అందరికీ అలవాటు చేసి పోయారు, ఇప్పుడు పడాల్సింది నేను. శనగల హమ్మస్ చూసి మామ "గిది పచ్చడా, పూతమందా?" అన్నాడు గుర్తుందా? ఆ మాట అంటూనే జొన్నరొట్టెతో గిన్నె అడుగుదాకా ఊడ్చాడు.

అన్నిట్లోకీ ఫో అని మీరు చేసిన ఆ వియత్నాం సూప్ మాత్రం ఇంట్లో ఎవరూ మరువలేదు. కోడి బొక్కలు, నిప్పుల మీద కాల్చిన ఉల్లిగడ్డ, అల్లం, అనాసపువ్వు, దాల్చినచెక్క వేసి పొద్దంతా కాచారు. నూడుల్స్ మీద ఆ నీళ్లు పోసి, పైన పుదీన, కొత్తిమీర, మొలకెత్తిన పెసర్లు వేసి నిమ్మచెక్క పిండారు. మామ గిన్నెను రెండు చేతులతో ఎత్తి తాగి, "పాయ లెక్కనే ఉన్నది గని తేటగున్నది. పానం లేశొచ్చింది బిడ్డా" అన్నాడు. ఇప్పటికీ ముసురు పడితే దాని మాటే ఎత్తుతాడు.

మీరు పంపిన బియ్యం నూడుల్స్ ఏం చేశారని అడిగారు. మొదటి పొట్లం గతి వినండి. నేను నీళ్లలో నానబెట్టి కూరగాయలకు పోయాను. వచ్చేసరికి నూడుల్స్ అన్నీ వాకిట్లో దండెం మీద వేలాడుతున్నాయి.

"ఇదేంది అత్తమ్మా?" అన్నాను.

"తడిసిన నూలు ఆరెయ్యకుంటే చిక్కువడదా? జర గంజి గూడ పెట్టిన. ఇగ తెగదు, ఫికర్ చేయకు" అన్నది.

చీపురుపుల్లల్లా ఎండిపోయాయి. మామ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆ పూట వాటిని విరిచి ఉప్మా చేశాను, బాగానే తిన్నారు. కానీ అన్నేళ్లు నూలు కండెలు చుట్టిన చేయి కదా, ఇప్పుడు రోజూ నూడుల్స్ విడదీసే పని ఆమెదే. ఒక్క పోగు చిక్కుపడదు, ఒక్కటి తెగదు.

మా నలుగురికి రోజూ ఇన్ని నూడుల్స్ ఎందుకని ఈపాటికి మీకు అనుమానం వచ్చే ఉంటుంది. చెబుతాను. మనింటి సాంచ అమ్మేశాం. మీకు చెప్పకుండానే అమ్మేశాం. మీరు సంపాదించుకొచ్చి దాని పక్కన ఇంకో మరమగ్గం పెడతానంటారు కదా, అందుకే ఫోన్లో నోరు రాలేదు. ఉన్న ఒక్కదానికే పని దొరకని వారాలు ఎక్కువయ్యాయి. నట్లు మామే విప్పాడు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. తెల్లారి ఆ గదికి సున్నం వేసింది కూడా ఆయనే.

ఇప్పుడు ఆ గదిలో బల్లలున్నాయి. సాయంత్రాలు సూప్ పోస్తున్నాం. కాలేజీ పిల్లలు కొరియా సీరియళ్లు చూసి పుల్లలతో తింటారు, సాంచ దిగి వచ్చినవాళ్లు చెంచా పక్కన పెట్టి గిన్నె ఎత్తి తాగుతారు. మిగిల్చి పోయేవాళ్లు లేరు. ఇది నడుస్తుంది. నడిపిస్తాను. మీకు ఆ అనుమానం వద్దు.

లోటు ఒక్కటే. నా సూప్ మీ సూప్ అంత తేటగా రాదు. అత్తమ్మ రోజూ చెంచాడు నోట్లో పోసుకుని, "మంచిగనే ఉన్నది. గని మా రంజిత్ చేతిది కాదు" అంటుంది. మొన్న ఆ మాటకు పొయ్యి దగ్గరే ఏడ్చాను. సూప్ కోసం కాదు. మీరు లేక నాకు మనసున పట్టడం లేదు.

మీ హోటల్ సేఠ్ ఇంకో రెండేళ్లు ఉండమంటున్నాడు, ఏమంటావని అడిగారు. ఫోన్లో "మీ ఇష్టం" అన్నాను. అది పక్కన అత్తమ్మ ఉందని అన్న మాట. నా ఇష్టం ఇప్పుడు చెబుతున్నాను. సంతకం పెట్టకండి. వచ్చేయండి.

గోడ మీద "రంజిత్ ఫో హోటల్" అని రాయించాం. వచ్చినవాళ్లు "మాస్టర్ ఏడి?" అని అడిగితే మామ తడుముకోకుండా "దసరాకు వస్తుండు" అంటున్నాడు. పొయ్యి దిమ్మె కూడా మీ ఎత్తుకే కట్టించాడు. నాకు అందదు. పీట వేసుకుని, దాని మీద నిలబడి వండుతున్నాను. ఎన్నాళ్లు నిలబెడతారో మీరే చెప్పండి.

ఇట్లు,
మీ ఇల్లాలు
మమతారాణి